బోణీ మూటకు ముందు మూడు చుట్లు

ఇది రాయక తప్పదని నాకు పోయిన నెలలో అనిపించింది. ఆయన పోయాడని పులివెందుల నుంచి కబురు వచ్చిన రోజు, మా గోడౌన్ ముందర నలుగురు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. "అది పుట్టుకతో వచ్చిన బలం, అట్లాంటి మనిషి మళ్లీ పుట్టడు" అని ఒకరు, "కొర్రన్నం తిన్న ఒళ్లు" అని ఇంకొకరు అన్నారు. అందరూ తల ఊపారు. వాళ్లు మంచి మనసుతోనే అన్నారు గానీ ఆ మాట నిజం కాదు. అరవై రెండేళ్ల వయసులో ఆయన పని అయిపోయిందని ఇదే గోడౌన్ ముందర తేల్చి చెప్పినవాళ్లలో ఆ నలుగురిలోని ఇద్దరు ఉన్నారు. ఆ తర్వాత ఆయన ఇంకా ఆరేళ్లు మూటలు మోశాడు. దానికి కారణం పుట్టుక బలం కాదు. ముసలి ఒళ్లు పనిలోకి ఎట్లా దిగుతుందో ఆయన తెలుసుకున్నాడు, అంతే. ఆ సంగతి రాసి పెట్టకపోతే రేపు ఇంకొక పెద్దాయనను కూడా ఇట్లాగే దించేస్తారు. అందుకని రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. హమాలీల ముఠాలో ఒక కట్టుబాటు ఉంది. ఒక మనిషి బరువు కింద తడబడిన రోజును పేరుతో సహా బయట చెప్పుకోరు. ఆ రోజు గురించి చెప్పకుండా ఈ కథ లేదు కాబట్టి పేరే వదిలేస్తున్నాను.

నాది ప్రొద్దుటూరులో శనగలు నిలవచేసే గోడౌన్‌లో మూటల మూతులు కుట్టే పని. నా సరంజామా అంతా ఒక దబ్బనం, పురికొస ఉండ, కూర్చోవడానికి ఒక పీట. బడిలో తొమ్మిదో తరగతి దాకా చదివాను. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. పని దిగాక ఇంటికి పోయే దారిలోనే అది ఉంటుంది. మొదట దినపత్రికలు, తర్వాత కథలు చదివాను, ఆ తర్వాత దొరికిన ప్రతి పుస్తకమూ చదివాను. నక్షత్రాల గురించి, పాముల గురించి, రక్తం గురించి ఇప్పుడు నాకు తెలిసిందంతా అక్కడి బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నదే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వంగానే చెబుతాను. ఆయన నన్ను "బుక్కులమ్మా" అని పిలిచేవాడు. మాటల్లో ఉత్సాహం ఎక్కువైతే "మే" అనేవాడు.

ఆయనను తలుచుకుంటే ముందు నాకు గుర్తొచ్చేది అరచెయ్యి. వీపు మీదికి మూట ఎత్తించుకునే ముందు దాన్ని రెండుసార్లు తట్టేవాడు, పశువును పలకరించినట్టు. 'బరువు' అనే మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. తేలిక మూటను "గమ్మునుండే మూట" అనేవాడు. తడి పట్టి ఈడ్చే మూట అయితే "ఇది రోంత మాట్లాడతాది" అనేవాడు. మూతి కుట్టకముందే నా దగ్గరికి వచ్చి ఒక శనగ గింజ తీసి నోట్లో వేసుకుని ఊరు చెప్పడం ఆయనకు సరదా.

"ఇది జమ్మలమడుగు పక్క నల్లరేగడి. పంటికింద తెలుస్తాది సూడు."

"కాదు మామా. తొండూరు నుంచి వచ్చిన సరుకిది."

"అయితే సెట్టి గోతాలు మార్చినాడు."

సగం సార్లు తప్పే చెప్పేవాడు. ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.

నవ్వితే చప్పుడు వచ్చేది కాదు, భుజాలు మాత్రం ఊగేవి. ఇద్దరూ కూతుళ్లే. కొడుకులు లేరని ఎవరైనా అంటే తన కాళ్లు చూపించేవాడు. కుడి కాలు పెద్దోడు, ఎడమ కాలు చిన్నోడు. "ఈ ఇద్దరూ లేరా? యాడికి పొమ్మంటే ఆడికి పోతారు. ఏ కొడుకు పోతాడు అట్ల?" అనేవాడు. సాయంత్రం పని దిగాక గోడకు ఆనుకుని పిక్కలు ఒత్తుకుంటూ వాళ్లిద్దరితో మాట్లాడేవాడు. పెద్దోడు మంచోడు, చిన్నోడికి పొగరు.

ఇప్పుడు బోణీ మూట గురించి చెప్పాలి. మా సెట్టి వాళ్ల నాయన కాలం నుంచీ ఒక ఆచారం నడుస్తోంది. రోజూ లారీకి ఎక్కే మొదటి మూటను ముఠాలో అందరికంటే పెద్దవాడే మొయ్యాలి. అట్లా అయితే ఆ రోజు సరుకు నిలవకుండా పోతుందని వాళ్ల నమ్మకం. ఆ మూటకు లారీ దాకా మధ్యలో నేల తగలకూడదు. తగిలితే సెట్టి చెయ్యి మార్చమంటాడు. బోణీ చెయ్యి పోయిన మనిషికి ముఠాలో ఇక మూటలు ఇవ్వరు, చీపురు ఇస్తారు. గోడౌన్‌లో రాలిన గింజలు ఊడ్చి చేటకెత్తే పని. అందులో తప్పేమీ లేదు, నేనూ చేశాను. కానీ నలభై ఏళ్లు మూట కింద నిటారుగా నడిచిన మనిషికి ఆ చీపురు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

అరవై రెండో ఏటికి ఆయన పదకొండేళ్లు బోణీ మూట మోసి ఉన్నాడు. జమ్మలమడుగు రోడ్డులో ఉన్న వాళ్ల ఊరి నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. ఎండకైనా ఎదురుగాలికైనా గంటసేపు తొక్కి, వచ్చీ రాగానే సైకిల్ గోడకు ఆనించి, తువ్వాలు నెత్తికి చుట్టి, "యాడుంది నా బోణీ?" అని నిలబడేవాడు.

తర్వాత కూతుళ్లిద్దరూ మాట్లాడుకుని గోడౌన్ వెనక వీధిలోనే ఒక గది బాడుగకు తీసి నాయననూ అమ్మనూ అందులో పెట్టారు. ఈ వయసులో సైకిలేంది నాయనా, సుఖంగా ఉండు అన్నారు. సైకిల్‌ను ఊళ్లో తమ్ముడికి ఇచ్చేశాడు. ఇప్పుడు లారీ హారన్ విన్నాక మంచం మీంచి లేచినా పనికి అందుకోవచ్చు.

మూడు నెలలు తిరగకముందే ఆయనకు ఆయాసం మొదలైంది.

మొదట్లో మేమెవరమూ పట్టించుకోలేదు. బోణీ మూట లారీలో దించి చక్రం పట్టుకుని నిలబడేవాడు. రెండో మూటకూ అంతే. ఒక పొద్దున లారీకి వేసిన పలక మీద సగం ఎక్కి ఆగిపోయాడు. కాళ్లు వణుకుతున్నాయి. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. మూట పక్కకు ఒరిగింది. కింద మూటలెత్తించే బాషా రెండు అంగల్లో పలకెక్కి వెనకనుంచి చెయ్యి ఆనించాడు. మూటకు నేల తగల్లేదు. ముఠా అంతా అటు తిరిగి ఏదో పనిలో ఉన్నట్టు నిలబడింది. నేను దబ్బనంలో పురికొస ఎక్కిస్తున్నట్టు తల దించుకున్నాను. సెట్టి మాత్రం గల్లాపెట్టె దగ్గర్నుంచి చూశాడు.

సాయంత్రం మేస్త్రీ ఓబులేసు ఆయన పక్కన వచ్చి కూర్చున్నాడు. ఓబులేసుకు అప్పటికి యాభై కూడా లేవు. చెడ్డవాడు కాదు, పనిలో గట్టివాడు.

"మామా, ఒక మాట."

"చెప్పు. నాకు తెలుసులే."

"సెట్టి అడగతాండాడు. దసరా దాకా చూస్తానని చెప్పినా. పండగ పొద్దు వాళ్లింటోళ్లంతా వచ్చి నిలబడతారు. ఆ పొద్దు నీ మూట నిలబడితే నేనేమీ అనను. లేకుంటే చీపురు తీసుకో. నన్ను తిట్టుకోవద్దు."

"నిన్ను యాలకు తిట్టాల? సొంత కాళ్లే నా మాట ఇనకపోతే, నిన్ను తిట్టి ఏం లాభం?"

భుజాలు ఊగాయి. కానీ ఆ రోజు కాళ్లతో ఏమీ మాట్లాడలేదు. దసరాకు ఇంకా ఐదు వారాలు ఉన్నాయి.

నేను పట్టుబట్టి ఆయనను సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆయాసం అంటే ముందు గుండె చూపించుకోవాలని నేను చదివాను. అక్కడి డాక్టరమ్మ ఛాతీ మీద తీగలు పెట్టి ఈసీజీ పట్టీ తీసింది, రక్తం పరీక్ష చేయించింది, వరండాలో నడిపించి మళ్లీ చూసింది. "గుండె బాగుంది. రక్తం బాగుంది. ఛాతీలో పట్టేసినట్టు ఉంటే మాత్రం వెంటనే రావాలి. మిగతాది వయసు" అని చెప్పింది. బయటికి వచ్చాక ఆయన, "వయసుకు మాత్ర రాసియ్యలేదే ఆయమ్మ" అన్నాడు.

ఆ వారమంతా నేను గ్రంథాలయంలో కూర్చున్నాను. వ్యాయామ విద్య చదివే పిల్లల కోసం రాసిన లావు పుస్తకం ఒకటి అక్కడ ఉంది. అట్టలు ఊడిపోయి ఉంది. అందులో వయసు గురించిన అధ్యాయం దొరికింది. కండలో శక్తి పుట్టించే కణభాగాలు ఉంటాయి, వయసుతో వాటి సామర్థ్యం తగ్గుతూ వస్తుంది అని రాసి ఉంది. అంత చదివేసరికి గ్రంథాలయం మూసే వేళ అయింది. నాకు అంతా అర్థమైపోయిందనుకుని ఇంటికి పోయాను. శక్తి తక్కువ ఉందంటే దాచుకోవాలి. అంతే కదా.

మర్నాడు ఆయనకు గట్టిగా చెప్పాను. పొద్దున్నే వీధి కొళాయి దగ్గర నీళ్లు పట్టొద్దు. అటూ ఇటూ తిరగొద్దు. లారీ వచ్చేదాకా బస్తాల మీద కదలకుండా కూర్చో. బెల్లం ముక్క తిను. నా పీట కూడా ఆయనకే ఇచ్చాను. నాలుగు రోజులు నా మాట ప్రకారం కూర్చున్నాడు.

బాషా ఊరుకోలేదు. "ఏం బుక్కులమ్మా, పెండ్లికొడుకు మాదిరి కూసోబెట్టినావు? బాసికం గూడా కట్టరాదా?"

"నువ్వు గమ్మునుండు బాషా. ఇది సైన్సు" అన్నాను.

నాలుగో రోజు బోణీ మూట ఎత్తుకుని ఐదడుగులు వేశాడో లేదో ఎడమ పిక్క పట్టేసింది. ఎట్లాగో పళ్లు బిగబట్టి లారీలో వేశాడు. దిగి వచ్చి నా ముందు నేల మీద కూలబడ్డాడు. చాలాసేపటికి ఊపిరి కుదుటపడింది.

"మే, ఆ బుక్కు కడదాకా సదివినావా?"

"సగం చదివినా మామా."

"మిగతా సగంలో ఏముందో సూసి రా. ఈ సగం నన్ను సంపేతట్టుండాది."

భుజాలు ఊగుతూనే ఉన్నాయి. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఒక సంగతి నా కంట పడింది. నిజానికి అది రోజూ కళ్లముందే ఉంది. పొద్దున మూడు మూటలకే కూలబడ్డ మనిషి ఇప్పుడు ఇరవయ్యో మూట మోస్తూ, ముప్పై ఏళ్లవాడి ముందు నడుస్తున్నాడు. పలక మీద ఆగడం లేదు. ఆయాసం లేదు. బలమే అయిపోయుంటే మధ్యాహ్నానికి ఇంకా అయిపోవాలి కదా? నా చేతిలో దబ్బనం ఆగిపోయింది. కుట్టాల్సిన మూటలు వరసగా పేరుకుపోయాయి. ఓబులేసు కేకేశాడు.

సాయంత్రం పరిగెత్తినట్టే గ్రంథాలయానికి పోయి మిగతా అధ్యాయం చదివాను. అర్థం కాని పేరాలు నోటు పుస్తకంలో ఎక్కించుకుని, గ్రంథపాలకురాలిని అడిగాను. ఆమెకు తెలియనివి ఆమె ఇంకొకరిని ఫోన్లో అడిగి చెప్పింది. మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం లారీ నీడలో ఆయన మజ్జిగ తాగుతూ ఉల్లిపాయ నంజుకుంటుండగా చెప్పాను.

"మామా, నీ పిక్కలో, తొడలో శానా సన్న పొయ్యిలు ఉంటాయనుకో. కంటికి కనపడనంత సన్నవి. అవి మండితేనే కాలు కదిలేది."

"సరే. ఉన్నాయి."

"పొయ్యి మండాలంటే గాలి కావల్ల. ఆ గాలి రక్తంలో వస్తాది. కుర్రోడు మూట ఎత్తుకోంగానే వాని రక్తనాళాలు బిరీన వెడల్పయి, రక్తం దండిగా పారతాది. పొయ్యిలు అంతలోనే రాజుకుంటాయి. నీ వయసుకు అవి వెడల్పయ్యేదానికి టైము పడతాది. పొయ్యిలు గూడా ముందుకంటే తక్కువ, నిదానంగా అంటుకుంటాయి. అంతవరకు కాలు గాలి లేకుండానే, దాచిపెట్టుకున్న సరుకుతో పని చెయ్యల్ల. అది రోంతే ఉంటాది. అందుకే ఆయాసం. అందుకే పిక్క పట్టేది."

మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "మరి మధ్యాన్నం?"

"మధ్యాన్నానికి అన్నీ తెరుచుకోని ఉంటాయి. అంతా మండతా ఉంటాది. ఊరి నుంచి సైకిల్లో వచ్చేటప్పుడు బోణీ మూటకు ఎప్పుడన్నా ఆయాసం వచ్చిందా?"

ఆయన ఆలోచించాడు. "ల్యా."

"గంటసేపు తొక్కి, అన్నీ రాజేసుకోని వస్తాంటివి. ఇప్పుడు మంచం మీంచి లేసి, నాలుగడుగులేసి, చల్లటి కాళ్లతో మూట కింద నిలబడతాండావు. నేను వచ్చి ఆ నాలుగడుగులు గూడా వెయ్యొద్దన్నా."

చాలాసేపు పిక్కలు ఒత్తుకున్నాడు. "అంటే చిన్నోడికి పొగరు కాదు. నిద్ర మత్తు" అన్నాడు. మళ్లీ, "నా బిడ్డలకు ఈ సంగతి చెప్పగాకు. సుఖపెట్టినామని సంబరపడతాండారు" అన్నాడు.

బోణీ మూట వేరేవాళ్లకు ఇచ్చి, పదో మూట నుంచి మొదలుపెట్టమని నేను అన్నప్పుడు మాత్రం ఆయనకు కోపం వచ్చింది. నా మీద ఆయనకు కోపం రావడం అదొక్కసారే చూశాను.

"బోణీ ఇడిచిపెట్టేదా? పదో మూట ఎవురైనా మోస్తారు. దానికి నేనెందుకు?"

"అయితే మూటకు ముందే కాళ్లు లేపుకో మామా."

"ఎట్ల?"

"నడువు."

మర్నాడు తెల్లవారగానే ఆయన వచ్చి గోడౌన్ చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. మొదటి చుట్టు మెల్లగా, ఇద్దరు కొడుకులనూ పేరు పెట్టి పిలుస్తూ. రెండో చుట్టు పెద్ద అంగలతో. మూడో చుట్టు సగం నింపిన గోతం వీపున వేసుకుని. ఆ తర్వాత నాలుగైదు ఊపిర్లు తీసుకుని, కూర్చోకుండా నేరుగా మూట దగ్గరికి. మొదటి రోజే నాకు గెలిచినట్టు అనిపించిందని చెబితే అబద్ధమవుతుంది. మొదటి వారం పెద్ద తేడా కనపడలేదు. పది రోజులు దాటాక ఒక పొద్దున బోణీ మూట దించి చక్రం పట్టుకోకుండా నేరుగా వెనక్కి వచ్చాడు. వచ్చాక చక్రం వైపు ఒకసారి చూశాడు, ఏదో మరిచిపోయినట్టు.

ఈ చుట్లు సెట్టి కంట్లో పడ్డాయి.

"ఏందప్పా, గోడౌన్‌కు ప్రదక్షిణం పెట్టుకున్నావు? మొక్కు ఉందా?"

"మొక్కే సెట్టీ. ఈ ఇద్దరికీ" అని కాళ్లు చూపించాడు.

సెట్టి అది వినిపించుకోలేదు. తన గోడౌన్‌కు ఒక పెద్దమనిషి రోజూ మూడు ప్రదక్షిణాలు చేస్తున్నాడని వీధంతా చెప్పుకున్నాడు. మర్నాటి నుంచి ఆయనకు రెండు అరటిపండ్లు వచ్చేవి. తూర్పు మూల నుంచి మొదలుపెట్టమని కూడా చెప్పించాడు. ఆయన అట్లాగే చేశాడు. అటువైపు నేల చదునుగా ఉంటుంది.

దసరా వచ్చింది. మా ఊళ్లో దసరా అంటే వేరే చెప్పనక్కర్లేదు. లారీకి బంతిపూల దండలు కట్టారు, పసుపు కుంకుమ పెట్టారు. సెట్టి కుటుంబమంతా పట్టుబట్టలతో వచ్చి నిలబడింది. వాళ్లమ్మకు ఎనభై ఏళ్లు, ఆమెకు కుర్చీ వేశారు. ఆయన మూడు చుట్లూ ముగించి, నుదుట చెమటతో మూట పక్కన నిలబడ్డాడు. నేను ఆయన పిక్కల వైపే చూస్తున్నాను.

అప్పుడు తెలిసింది, పూజారి ఇంకా రాలేదని. ఇంకో గోడౌన్‌లో పూజ ఆలస్యమైందట. ఎవరూ కదలకుండా వరసగా నిలబడమని సెట్టి చెప్పాడు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ పూజారి రాలేదు. ఆయన నుదుటి చెమట ఆరిపోయింది. ఎడమ కాలు మీద నుంచి కుడి కాలు మీదికి బరువు మార్చుకుంటున్నాడు. నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. పొయ్యిలు చల్లారిపోతున్నాయి.

చివరికి పూజారి వచ్చి మంత్రాలు మొదలుపెట్టాడు. ఆయన మెల్లగా రెండడుగులు పక్కకు వేశాడు. "కదలగాకండప్పా, పూజ జరగతాంటే" అని పెద్దామె కుర్చీలోంచి గదమాయించింది. ఆయన ఆగిపోయాడు. ఓబులేసు నేల చూస్తున్నాడు.

నాకు ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. కుర్చీ దగ్గరికి పోయి వంగి, "అవ్వా, ఆయన ప్రదక్షిణం ఇంకా చెయ్యాల్సి ఉంది. మధ్యలో నిలిపితే బాగుండదు" అన్నాను.

ఆమె ఉలిక్కిపడింది. "ముందే చెప్పకూడదా మే? పండగ పొద్దు నిలుపుతారా యాడన్నా? తిరగనీ, తిరగనీ. ఉండు, నేను గూడా వస్తా."

పూజారి మంత్రాలు చదువుతుండగా ఆయన గోడౌన్ చుట్టూ పెద్ద అంగలతో నడిచాడు. వెనకాల కోడలి భుజం పట్టుకుని సెట్టి వాళ్లమ్మ, ఆమె వెనక పట్టుబట్టల్లో కుటుంబమంతా. ఆయనను అందుకోలేక రెండో చుట్టుకే వాళ్లు ఆగిపోయారు. ఆయన మూడో చుట్టు కూడా పూర్తిచేసి వచ్చాడు. నుదురు మళ్లీ తడిసింది. నా పక్కనుంచి పోతూ, "పెద్దోడు లేసినాడు. చిన్నోడు గూడా లేసినాడు" అన్నాడు.

కొబ్బరికాయ కొట్టారు. బాషా మూట ఎత్తించాడు. రెండుసార్లు తట్టడం వినిపించింది. పలక కిర్రుమంది. నేను కళ్లు మూసుకోలేదు, ప్రతి అడుగూ చూశాను. సగం దగ్గర ఆగలేదు. పైకెక్కి, లారీ లోపలి మూల దాకా పోయి, మూటను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించాడు. తిరిగి వచ్చి పలక అంచున నిలబడి ఓబులేసుతో, "రెండో మూట ఎవురిది? బిరీన రమ్మను" అన్నాడు.

ప్రదక్షిణం గురించి నేను చెప్పింది అబద్ధమా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మూడు చుట్లు ఇంకా చెయ్యాల్సి ఉన్న మాట మాత్రం నిజమే.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆయనకు వయసు వెనక్కి పోలేదు. ఇరవై ఏళ్ల కాళ్లు రాలేదు. ఏడాది ఏడాదికీ చుట్లు పెరిగాయి. మూడు నాలుగయ్యాయి, నాలుగు ఐదయ్యాయి. మోసే మూటలు తగ్గాయి. ఒళ్లు పనిలో ఉన్నంతకాలం కండ, రక్తనాళాలు తొందరగా పాడవవని పుస్తకంలో ఉంది, ఆగిపోవనైతే ఎక్కడా లేదు. అరవై ఎనిమిదో ఏట ఒక పొద్దున చుట్లన్నీ పూర్తిచేసి వచ్చి, తువ్వాలు విప్పి భుజాన వేసుకుని, "ఇయ్యాల నుంచి బోణీ వేరేవాళ్లది" అన్నాడు. ఎవరూ దించలేదు. ఆయనే దిగాడు. ముఠా ఆయనను జీపులో కూర్చోబెట్టి పులివెందులలో చిన్న కూతురి ఇంటిదాకా దిగబెట్టి వచ్చింది.

రెండేళ్ల కిందట లింగాలలో ఒక పెళ్లికి పోయి, వచ్చేటప్పుడు పులివెందులలో దిగి ఆయనను చూశాను. ఇంట్లో లేడు. సందు చివర నడుస్తున్నాడని కూతురు చెప్పింది. పోయి పక్కన నడిచాను. నన్ను చూసి ఆగలేదు.

"నడస్తా మాట్లాడు. ఇప్పుడిప్పుడే తలుపులు తెరుచుకుంటాండాయి."

"తెలుస్తాదా మామా?"

"తెలీకేం. మొదటి చుట్టులో కాళ్లు నావి కావు. మూడో చుట్టుకు నావే." కొంచెం దూరం పోయాక అడిగాడు. "ఓబులేసుకు ఎన్నేండ్లు ఇప్పుడు?"

"యాభై ఆరో ఏడో ఉంటాయి."

"వానికి చెప్పినావా?"

"ఏమని?"

"మే! ఏమని అంటావేంది. వాడు గూడా నెలగా గోడౌన్ పక్కకే మారినాడని బాషా ఫోన్లో చెప్పినాడు. మంచం దిగి నేరుగా బోణీ మూట కింద నిలబడతాండాడంట. పో. పోయి చెప్పు."

ఆ తర్వాత ఆయనను నేను చూడలేదు. పోయిన నెలలో, ఉదయం నడిచి వచ్చి, మజ్జిగ తాగి, పడుకుని, నిద్రలోనే పోయాడు.

ఇది రాయడానికి సాయపడినవాళ్లకు నా కృతజ్ఞతలు. అట్టలు ఊడిన పుస్తకాన్ని గడువు దాటినా నా దగ్గరే ఉంచుకోనిచ్చి, నా సందేహాలన్నిటికీ ఓపికగా జవాబులు తెచ్చిపెట్టిన గ్రంథపాలకురాలు వహీదా మేడంకు; ఫోన్లోనే రక్తనాళాల సంగతి పాఠంలా చెప్పిన జంతుశాస్త్రం లెక్చరర్ మధుసూదన్ గారికి; ముందు గుండె చూసి నాకు భయం తీర్చిన డాక్టర్ శైలజ గారికి; నేను రాసిన చిత్తు ప్రతి చదివి, "పొయ్యిలు అని రాసినా పరవాలేదు, కానీ అసలు పొయ్యిలు కావని కూడా ఒకచోట రాయి" అని సరిదిద్దిన నా కూతురు లావణ్యకు (అవును, అవి అసలు పొయ్యిలు కావు); పలక మీద ఆ రోజు చెయ్యి ఆనించి, ఇప్పటిదాకా ఆ మాట ఎవరితోనూ అనని బాషాకు; "మా నాయన గురించి అంతా రాయమ్మా, మేము సైకిల్ మాన్పించింది గూడా రాయి, మాకు తెలుసులే" అన్న ఆయన కూతుళ్లు రమణమ్మకు, ఈశ్వరమ్మకు.

చివరగా మేస్త్రీ ఓబులేసుకు. ముఠా కట్టుబాటు ప్రకారం ఇది అచ్చుకు ఇచ్చేముందు ఆయనకు చదివి వినిపించాను. చీపురు తీసుకో అన్న మాట దగ్గర ఆగి, నీకు ఇబ్బంది అయితే ఇది తీసేస్తాను అన్నాను. ఆయన అప్పుడే మూడో చుట్టు ముగించి వచ్చి ఉన్నాడు, ఇంకా ఊపిరి బలంగా తీస్తున్నాడు.

"తియ్యగాకు. నా పేరుతోనే రాయి. ఆయప్పను నేను దించబోయినానని రాయి. నా తర్వాత మేస్త్రీ అయ్యేటోడు అది సదవల్ల" అని, బోణీ మూట దగ్గరికి పోయాడు.